సీసా మీది పేరు

మా చల్లగదికి కిటికీలు లేవు. బయట మా ఇబాదాన్ ఊరి ఎండకి ఇళ్ళ రేకులు కాలిపోతున్నా, లోపల ఎప్పుడూ ఒకటే చలి, ఒకటే చీకటి. స్విచ్ వేస్తే ఒక బల్బు వెలుగుతుంది, అదీ దానికి బుద్ధి పుడితే. తలుపు పక్కన మేకులకి మా స్వెట్టర్లు వేలాడుతుంటాయి. లోపలికి అడుగు పెడితే తడిసిన అట్టపెట్టెల వాసన, దాని వెనక పచ్చిమాంసం వాసన వస్తాయి. అలవాటైతే రెండూ తెలియవు. ఆ గదిలో నా నీలం స్వెట్టర్ వేసుకుని పాటలు పాడుకుంటూ పనిచేసిన రోజులున్నాయి. ఇప్పుడా తలుపు ముందు నిలబడాలంటే నా కాళ్ళు మాట వినడం లేదు. కాళ్ళ సంగతి చివర్లో చెబుతాను.

ఆ గదిలో మేం దాచేది ఆల్డొలేజ్ అనే ఎంజైమ్. మనం తిన్న చక్కెరను కండరం ఒక్కసారిగా వాడుకోలేదు, మెట్టు మెట్టుగా విరుచుకుంటుంది. అందులో చక్కెరను నడిమికి విరిచే పని దీనిది. ఇది లేకపోతే విస్తరి నిండా వడ్డించి ఉన్నా కండరం పస్తుండాల్సిందే. కుందేలు తొడల్లోంచి, వీపులోంచి తీసి, శుద్ధిచేసి, చిన్న సీసాల్లో ఉంచుతాం. ఇది మందు కాదు, పరిశోధనకి తప్ప దేనికీ పనికిరాదు. కానీ అది లేకపోతే మా ప్రయోగాలన్నీ మూలపడతాయి. బయటి దేశం నుంచి తెప్పించుకుందామంటే, పెట్టె లేగోస్ విమానాశ్రయంలో ఎవరి సంతకం కోసమో ఎండలో పడి ఉంటుంది. బతికుండగా బయల్దేరిన సరుకు గోరువెచ్చటి నీళ్ళలో శవమై మా చేతికొస్తుంది. మా దేశంలో సైన్సు చేయడమంటే సగం శవాల్ని అందుకోవడమే.

అందుకే ఎబున్ అక్క దాన్ని తనే చేయడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ ఫాకొరెడె దగ్గర తనూ నేనూ పరిశోధక విద్యార్థులం, ఆవిడ నాకంటే చాలా ముందు చేరింది. మాంసాన్ని మెత్తగా రుబ్బి, ఉప్పు వేసి, ఓపిగ్గా పేరనిచ్చి, పొడుగాటి గాజు గొట్టంలోంచి బొట్టు బొట్టుగా దింపేది. ఆ గొట్టం ముందు చెక్క పీట వేసుకుని గంటలు గంటలు కూర్చునేది. చివరికి సీసాను కొంచెం ఊపితే లోపల పట్టుబట్ట కదిలినట్టు తళుక్కుమనేది. ఆ మెరుపు చూసి చంటిపిల్లని చూసినట్టు మురిసిపోయేది.

కుందేళ్ళను కోసిన రోజు మాకు పండగ. కాళ్ళూ వీపూ ఎంజైమ్‌కి పోగా మిగిలింది లసీసి బాబా మిరపకాయల పులుసులో వేసేవాడు. కుందేళ్ళ పాకకి ఆయనే పెద్ద.

"చూడమ్మాయ్ అబేకె, మీ అక్క కాళ్ళన్నీ సైన్సుకి పెడుతుంది, మనకి తలకాయలు విసిరేస్తుంది," అనేవాడు నాతో. "ఒక్క కాలు కొరికి చావాలని ఉంది నాకు."

"కాలు తినాలంటే ప్రొఫెసర్ అవ్వాలి బాబా," అనేది ఎబున్ అక్క. "ఆయనకైతే ఒళ్ళు వంచకుండానే అన్నీ వస్తాయి."

ప్రతి సీసా మీదా తన పేరు రాసి, పైన టేపు అంటించేది. నేను ఏడిపించేదాన్ని. "ఎందుకక్కా అంత మోజు? నీ గౌను మీద కూడా రాసుకోకపోయావా?"

"గొప్పకి కాదే పిచ్చి మొహమా. సీసా అయిపోతే ఎవరి దగ్గరికి పోవాలో తెలియాలిగా? పేరు ఎవరిదైతే, మళ్ళీ నింపాల్సింది వాళ్ళే."

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా యొరుబా వాళ్ళకి ప్రతిదానికీ ఒక పలకరింపు ఉంది. పనిలో ఉన్న మనిషి ఎదురైతే "ఎ కూ ఇషే" అనకుండా దాటిపోం. నీ పని చల్లగా సాగాలని దానర్థం. అవతలి మనిషి తలెత్తకుండానే "ఓఓ" అంటారు. రోడ్డు తవ్వేవాడినైనా, పేడ ఎత్తేవాడినైనా ఈ మాటతో పలకరించనివాళ్ళకి అమ్మ పెంపకం బాగాలేదంటారు. ఆ లెక్కన మా ప్రొఫెసర్ గారికి అసలు పెంపకమే లేదు. ఎబున్ అక్క వణుకుతూ పీట మీద కూర్చుని ఉంటే, నోట్లో నీళ్ళు పోసుకున్నవాడిలా పక్కనుంచి పోయి, "ఎంత తయారైంది?" అని మాత్రం అడిగేవాడు.

వానాకాలంలో ఒకసారి కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. విభాగంలో పెద్ద జనరేటర్ ఉంది, దానికి డీజిల్ లేదు. డీజిల్ ప్రొఫెసర్ గారి ఇంటికి వెళ్ళింది, వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి. అక్క ఫోన్ చేస్తే, "సీసాలు పాడైతే నీ డిగ్రీ మర్చిపో," అని పెట్టేశాడట. ఎబున్ అక్క సీసాలన్నీ చల్లగది ముందున్న చిన్న ఫ్రిజ్‌లోకి మార్చి, తన గదిలోంచి చిన్న పెట్రోలు జనరేటర్ మోసుకొచ్చింది. మావాళ్ళు దాన్ని ముద్దుగా 'పక్కింటోడికంటే మేలు' అంటారు. వాన జల్లు కొడుతోందని నడవాలోనే పెట్టి, తలుపు మూసి, ఫ్రిజ్ పక్కన తన పీట వేసుకుని కూర్చుంది.

పొద్దున లసీసి బాబా తలుపు తీస్తే నడవా నిండా పొగ. ఎబున్ అక్క పీట మీద గోడకి తల ఆనించి ఉంది. నిద్రపోతోందని ఆయన "ఎ కూ ఇషే" అన్నాడట. ఆవిడ పలకలేదు.

ప్రొఫెసర్ గారు వచ్చి అడిగిన మొదటి మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. "సీసాలు బాగానే ఉన్నాయా?"

ఉన్నాయి. ఒక్క సీసా కూడా చెడలేదు.

ఆవిడ చేసిన పనంతా తర్వాత ఆయన పేరుతో అచ్చయింది. ఎబున్ అక్క పేరు ఎక్కడా లేదు. అడిగితే, "చనిపోయినవాళ్ళు సంతకం పెట్టలేరు కదమ్మా," అన్నాడు, అదేదో నాకు తెలియనట్టు. ఇక ఆవిడ పేరు ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలిందంటే ఆ సీసాల మీదే. ఆ పేరు పోనివ్వకూడదని నేను పట్టుబట్టాను. అంతకుమించి ఆవిడకి చేయగలిగింది నాకేమీ కనిపించలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం, వాన కురుస్తుండగా, ప్రొఫెసర్ గారు చల్లగదికి వచ్చాడు. చేతిలో కొత్తగా అచ్చేయించిన చీటీలున్నాయి. తయారు చేసినది ప్రొఫెసర్ ఫాకొరెడె అని వాటి మీద ఉంది. సోమవారం బయటి దేశం నుంచి అతిథులు వస్తున్నారు. ఎంజైమ్ నచ్చితే ఆఫ్రికాలో ల్యాబులన్నిటికీ ఇక్కడి నుంచే పంపిస్తారట.

నేను అలమారకి అడ్డంగా నిలబడ్డాను. "ఇవి ఎబున్ అక్క చేసినవి సర్."

"ఆ పిల్ల ఉందా ఇప్పుడు?"

"లేదు సర్. పేరైనా ఉండనివ్వండి."

"చచ్చినదాని పేరు చూపిస్తే వచ్చినవాళ్ళు ముట్టుకుంటారా? తప్పుకో. తలుపు వెయ్యి, చలి పోతోంది."

తలుపు వేసి అక్కడే నిలబడ్డాను. ఆయన లోపలి గోడ దగ్గర, గాజు గొట్టం పక్కన నిలబడి, బ్లేడుతో టేపు గీకడం మొదలుపెట్టాడు. కర్... కర్... మొదటి సీసా అయింది. రెండోది అయింది. గీకిన చోట కొత్త చీటీ అతికించి బొటనవేలితో నొక్కుతున్నాడు.

కరెంటు పోయింది.

మోటారు మూలిగి ఆగిపోయింది. అంత చీకటి మీరు చూసి ఉండరు. కళ్ళు తెరిచినా మూసినా తేడా లేదు. నా ఫోన్ బయట సంచిలో ఉంది. తలుపు గొళ్ళెం కోసం తడిమాను, చేతికి అందలేదు. నిమిషం కింద నా వీపుకి తగులుతున్న గొళ్ళెం... లేదు.

అప్పుడు వినిపించింది.

టప్.

కాసేపాగి... టప్.

గాజు గొట్టం. ఎబున్ అక్క పోయాక దాన్ని నేనే కడిగి, ఆరబెట్టి, మూత బిగించాను. అందులో చుక్క లేదు.

టప్.

తర్వాత వాసన వచ్చింది. మాంసం వాసన కాదు, అట్టపెట్టెల వాసన కాదు. పెట్రోలు పొగ. గొంతులో గీరుకుంటోంది. ఆ చుట్టుపక్కల ఎక్కడా జనరేటర్ చప్పుడు లేదు. వాన చప్పుడు కూడా లేదు.

ప్రొఫెసర్ గారికి ఇదేం పట్టలేదు. చీకట్లోంచి విసుగ్గా అన్నాడు, "ఇటు రా. సీసా జారిపోతోంది, పట్టుకో."

"సరే సర్."

నేను నోరు తెరవలేదు.

"ఇంకొంచెం ఇటు తిప్పు."

"సరే సర్," అంది ఆ గొంతు. మెత్తగా, వినయంగా. ఏళ్ళ తరబడి ఆయన ఆ రెండు మాటలు తప్ప ఇంకేం అననివ్వని గొంతు.

"ఏమిటిది, నీ చెయ్యి మంచులా ఉంది? అంత గట్టిగా పట్టుకోకు..."

టప్.

"ఇది మీరే చేశారా సర్?"

"నేను కాక ఇంకెవరు? పేరు కనబడ్డంలా?"

"మీరేనా సర్?"

"నేనే అంటుంటే!"

టప్. తర్వాత, "అయితే సరే సర్."

నేల మీద పీట జరిగింది. చెక్క గీసుకుంటున్న చప్పుడు... నిదానంగా... గొట్టం ముందుకి. ఎవరో కూర్చున్నారు. పీట కిర్రుమంది. ఎవరో పని మొదలుపెట్టారు. నాకు ఆ చప్పుళ్ళన్నీ కంఠతా వచ్చు, వాటి పక్కనే నేను చదువుకున్నాను.

ఆ క్షణంలో నేను చేసిన పని మా యొరుబా మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. ఎంత భయమేసినా, పనిచేసుకుంటున్న మనిషి ముందు నోరు మూసుకోవడం నాకు చేతకాలేదు. అలవాటు చొప్పున దానంతటదే వచ్చేసింది.

"ఎ కూ ఇషే, అక్కా."

"ఓఓ," అని వినిపించింది పీట వైపు నుంచి.

"ఎవరిని పలకరిస్తున్నావ్ నువ్వు?" ప్రొఫెసర్ గారి గొంతు మారింది. "అబేకె... నువ్వు తలుపు దగ్గరున్నావా?"

కరెంటు వచ్చింది. బయట హాస్టళ్ళలోంచి పిల్లల కేకలు, ఈలలు. బల్బు కింద ప్రొఫెసర్ గారు ఒక్కడే ఉన్నాడు. సీసాలన్నిటికీ ఆయన పేరు అంటించి ఉంది. ఆయన అంటించింది రెండిటికేనని నాకు తెలుసు. పీట గొట్టం ముందుంది. మూత బిగించిన ఆ గొట్టం చివర ఒక బొట్టు వేలాడుతోంది.

ఆయన కుడిచెయ్యి సీసా చుట్టూ బిగుసుకుపోయి ఉంది. వేళ్ళు తెరుచుకోలేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీయాల్సి వచ్చింది. "చలికి పట్టేసింది," అన్నాడు.

అతిథులు వచ్చారు, మెచ్చుకున్నారు, ఫొటోలు దిగారు. సీసాలు ఊళ్ళకి వెళ్ళడం మొదలైంది. ఎంత తీసినా అలమారలో సీసాలు మర్నాటికి మెడ దాకా నిండి ఉండేవి. ఊపితే అదే పట్టు మెరుపు. అంత చురుకైన ఎంజైమ్ మా దగ్గర ఎప్పుడూ లేదు. నేను ఒక్క కుందేలును కోయించలేదు. లసీసి బాబా వచ్చి, "ఏమమ్మాయ్, మీ సైన్సు ఉపవాసం పట్టిందా? నా కుందేళ్ళు బలిసి నడవలేకపోతున్నాయి," అని నవ్వాడు.

నడవలేకపోతున్నది కుందేళ్ళు కాదు. ప్రొఫెసర్ గారు మెట్ల మధ్యలో ఆగి పిక్కలు పట్టుకోవడం అందరం చూస్తూనే ఉన్నాం. కొన్నాళ్ళకి కర్ర వచ్చింది, తర్వాత చక్రాల కుర్చీ. తొడలు చొక్కా చేతుల్లా ఖాళీ అయిపోయాయి. చక్కెర ఒంట్లో ఉంది కానీ కండరానికి అందడం లేదని డాక్టర్లన్నారు. ఎందుకో వాళ్ళకి తెలియలేదు.

సీసాలోది కుందేలుదో కాదో చూసే పరీక్ష ఒకటుంది. చేశాను. కాదు. మరి దేనిదో చూసే పరీక్ష కూడా ఉంది. అది చేయలేదు.

ఆయన్ని చూడ్డానికి ఇంటికి వెళ్ళాను. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, గుసగుసగా అన్నాడు, "ఆ అమ్మాయికి చెప్పు... ఇక చాలని చెప్పు."

"ఏ అమ్మాయి సర్?"

"పొద్దున్నే వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది... పేరు గుర్తు రావడం లేదు."

"ఎబున్, సర్."

"అలాంటి పేరుతో నా దగ్గర ఎవరూ పనిచేయలేదే," అన్నాడు. చావు మంచం మీద కూడా ఆయన నోట ఆ పేరు రాలేదు.

ఆయన అంత్యక్రియలు పెద్ద పెళ్ళిలా జరిగాయి. అందరూ ఒకే రంగు బట్టలు కుట్టించుకున్నారు, బ్యాండు వచ్చింది. ఎబున్ అక్కని సాగనంపినప్పుడు మేమొక గుప్పెడు మందిమి, వాన, అంతే. మర్నాడు చల్లగదిలో గొట్టం ముందు రెండు పీటలున్నాయి. రెండోది ఎవరు వేశారని లసీసి బాబాని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఆ రోజు నుంచి ఆ నడవాలోకి రావడం మానేశాడు.

నేను ప్రొఫెసర్ గారి చీటీలన్నీ గీకేసి, నా చేత్తో ఎబున్ అక్క పేరు రాశాను. నా స్వెట్టర్ తీసుకుని ఇంటికి పట్టుకుపోయాను, ఇక ఆ గదిలో పని చేయకూడదని. సీసాలు మామూలు సీసాల్లా తరగడం మొదలుపెట్టాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క పేరు నిలబడింది, ఆవిడకి శాంతి దొరికింది అనుకున్నాను.

కొత్తగా విభాగానికి పెద్దగా వచ్చిన డాక్టర్ తినూకె మంచి మనిషి. ఊడ్చేవాళ్ళని కూడా పేరు పెట్టి పలకరిస్తుంది. అక్క పేరు కోసం నేను పోట్లాడిన సంగతి ఆవిడకి తెలుసు. పోయిన వారం నన్ను పిలిచి, అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసింది.

"పోయినావిడ పేరు ఉంచాలని నేనూ చాలా అడిగాను అబేకె. చనిపోయినవాళ్ళ పేరుతో సరుకు బయటికి పంపడం కుదరదన్నారు. బతికున్న మనిషి పేరు కావాలన్నారు. మరి ఈ పనిలో నీ కష్టం ఎవరికి తెలియదు?"

కొత్త చీటీ నా చేతిలో పెట్టింది. తయారు చేసినది అబేకె.

అందరూ చప్పట్లు కొట్టారు. "వద్దు మేడం, తీసేయండి," అన్నాను.

"చూడండి, ఎలా సిగ్గుపడుతోందో! ఎప్పుడో అంటించేశాం. లేగోస్‌కి, జారియాకి, అక్రాకి నిన్ననే వెళ్ళిపోయాయి."

లసీసి బాబా నా గౌరవార్థం కుందేలు పులుసు వండాడు. ఈసారి కాళ్ళతో సహా. పెద్ద ముక్క నా పళ్ళెంలో వేసి, "కాలు నీదేనమ్మాయ్, తిను," అన్నాడు. పళ్ళెం అక్కడే వదిలేసి లేచాను. చల్లగదిలోకి వెళ్ళి అక్కడున్న చీటీలు గీకేశాను. కానీ బయటికి వెళ్ళిన సీసాల్ని ఎక్కడని వెతకను? ఎక్కడో ఎవరో రోజూ కొంచెం తీస్తూనే ఉంటారు. అవి అయిపోతూనే ఉంటాయి.

అక్క నా మీద కోపంతో చేస్తోందనుకోను. ఆవిడకి నేనంటే ప్రాణం. కానీ పని దగ్గర ఆవిడకి మొహమాటాలు లేవు, ఎప్పుడూ లేవు.

ఈరోజు పొద్దున మెట్లెక్కుతుంటే నా ఎడమ పిక్క పట్టేసింది. మెట్టు మీద కూర్చుండిపోయాను. పిల్లలు నన్ను దాటుకుంటూ పైకి పోయారు. ఎండ బాగా కాస్తోంది. చాలాసేపటికి లేచి, గోడ పట్టుకుంటూ చల్లగది దాకా వెళ్ళి తలుపు తీశాను. లోపల చీకటి. పెట్రోలు పొగ వాసన. టప్... టప్...

"ఎ కూ ఇషే," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఓఓ."

"ఓఓ."

ఇద్దరు పలికారు. ఒకటి అక్క గొంతు. రెండోది మగ గొంతు, బొంగురుగా, అలసిపోయి. బతికినన్నాళ్ళూ ఒక్క పలకరింపుకీ జవాబివ్వని గొంతు.

స్విచ్ వేశాను. ఎవరూ లేరు. అలమారలో సీసాలు మెడ దాకా నిండి ఉన్నాయి, గీకేసిన నా పేరు మళ్ళీ వాటి మీద ఉంది. గొట్టం ముందు మూడు పీటలున్నాయి.

మూడో పీట మీద నా నీలం స్వెట్టర్ ఉంది, చేతులు లోపలికి మడిచి, నీటుగా. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పెట్టి తాళం వేసిన స్వెట్టర్. తాళంచెవి నా మెడలోనే ఉంది.

వంగి ముట్టుకున్నాను. ఎవరో అప్పుడే విప్పినట్టు వెచ్చగా ఉంది.